రోడ్డు వైపు ఇరవై సెంట్లు

చిన్నప్పట్నుంచీ చర్చిలో ప్రార్థన మనవులు వింటూ పెరిగినవాణ్ణి. ఆరాధన మధ్యలో పాస్టరు గారు "ఎవరికైనా ప్రార్థన మనవులున్నాయా?" అని అడుగుతారు. ఒకరికి షుగరు, ఒకరికి అమ్మాయి పెళ్ళి, ఒకరికి హెచ్1బి స్టాంపింగు, ఇంకొకావిడకి తాగొచ్చి కొట్టే మొగుడు. కోపం ఎక్కువైంది, ప్రార్థన చెయ్యండి అన్నవాళ్ళని కూడా చూశాను. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు లేచి నిలబడి "నాకు డబ్బాశ ఎక్కువైపోయిందండీ, నా కోసం ప్రార్థన చెయ్యండి" అనగా నేను వినలేదు. మీరెక్కడైనా విన్నారా?

అంటే మనలో ఎవరికీ ఆశ లేదని కాదు కదా. ఉన్నవాడికి అది ఆశలాగా కనపడదు, అదీ దాని ప్రత్యేకత. పిల్లల భవిష్యత్తులాగా కనపడుతుంది, న్యాయంగా మనకి రావలసినదానిలాగా కనపడుతుంది, మార్కెట్ రేటులాగా కనపడుతుంది. తాగుబోతుకి కనీసం పొద్దున లేచాకైనా రాత్రి తాగానని తెలుస్తుంది. దీనికి ఆ పొద్దున కూడా లేదు. పైగా ఆశపోతు ఎవరు అని ఎవర్నడిగినా తనకంటే ఎక్కువ సంపాదించేవాణ్ణే చూపిస్తాడు.

ఆఫీసుల్లో హైకు లెటర్లు వచ్చే రోజు గమనించండి. పన్నెండు శాతం వచ్చిందని పొద్దున స్వీట్లు పంచినవాడు, పక్క టీమ్‌లో పద్దెనిమిది ఇచ్చారని తెలిసి సాయంత్రానికి నౌకరీలో రెజ్యూమే అప్‌డేట్ చేస్తాడు. ఈ మధ్యలో వాడి ఖాతాలోంచి ఒక్క రూపాయి పోలేదు. అయినా వాడి మొహం చూస్తే జేబు కొట్టేశారేమో అనిపిస్తుంది.

కొత్త నిబంధన గ్రీకులో ఈ జబ్బుకి వాడిన మాట "ప్లియొనెక్సియా". ఇంకా ఎక్కువ కావాలనుకోవడం అని దానర్థం. ఎంతకంటే ఎక్కువ అన్నది ఆ మాటలో లేదు. వైల్ లూపుకి ఎగ్జిట్ కండిషన్ రాయకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు :)

కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు దీన్ని ఏకంగా విగ్రహారాధన అనేశాడు. మాలాంటి కుటుంబాలకి ఇది గట్టి దెబ్బే. మా ఇంట్లో విగ్రహాలుండవని కాస్త గర్వంగానే చెప్పుకుంటాం. యేసు కొండమీద ప్రసంగంలో దేవుడికి పోటీగా నిలబెట్టిన యజమాని పేరు గ్రీకులో "మామోన". తెలుగు బైబిలు అనువదించినవాళ్ళు అక్కడ "సిరి" అన్న మాట పెట్టారు. నాకు ఆ ఎంపిక చాలా నచ్చుతుంది. ఏ దెయ్యం పేరో పెట్టి ఉంటే జాగ్రత్తపడేవాళ్ళం. సిరి అంటే మనకి ఎంత ముద్దొచ్చే మాట! ఆడపిల్లలకి పేరు పెట్టుకుంటాం. అలాంటి చక్కటి పేరుతోనే అది ఇంట్లోకి వస్తుంది.

సరే, అసలు సంగతికి వస్తాను.

మా ఊరు గుంటూరు దగ్గర. మా తాతయ్యకి ఉన్నదల్లా ఊరి చివర నలభై సెంట్లు. తాతయ్య 2002లో పోయారు, వీలునామా లేదు. పోయేముందు నోటిమాటగా, రోడ్డు వైపు ఇరవై సెంట్లు పెదనాన్నకి, వెనక ఇరవై నాన్నకి అన్నారట. పెదనాన్న ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చేసేవారు, బండి తోలుకోవడానికి రోడ్డు వైపు ఉంటే వీలు. నాన్న టీచరు, టౌన్లో ఉంటారు. అప్పుడు ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. ఉన్నా పెద్ద తేడా లేదు కూడా, రెండు ముక్కల్లోనూ మినుములే కదా పండేది.

2014లో రాష్ట్రం విడిపోయింది. ఆ సెప్టెంబరులో రాజధాని విజయవాడ ప్రాంతంలో అని ప్రకటించారు. అప్పుడు నేను ఇంటర్. ఆరు నెలల్లో మా ఊళ్ళో భాషే మారిపోయింది. అప్పటిదాకా ఎకరాలు, సెంట్లు అనేవాళ్ళు గజాలు అనడం మొదలుపెట్టారు. ఒక సెంటు 48.4 గజాలు అని మా అమ్మమ్మకి కూడా నోటికొచ్చేసింది. రోడ్డు వైపు గజానికి ఒక రేటు, వెనక గజానికి ఇంకో రేటు. అప్పుడు నాన్నకి అన్యాయం జరిగినట్టు తెలిసింది. పెదనాన్నకి తండ్రి మాట పవిత్రమైనదని తెలిసింది. 2016లో కేసు వేశారు.

ఇద్దరూ ఒకే చర్చి. పండగలకి ఊరెళ్తే పెదనాన్న కుడివైపు మూడో వరస, నాన్న ఎడమవైపు గోడ పక్కన. ప్రభురాత్రి భోజనం పళ్ళెం కుడివైపు నుంచి ఎడమవైపుకి వస్తుంది. ఒకే రొట్టె విరిచి ఇద్దరికీ ఇస్తారు. వాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. రేటు దబ్బున పడిపోయింది. ఆ తర్వాత సంక్రాంతికి ఒక బంధువుల ఇంట్లో చావు దగ్గర నాన్న, పెదనాన్న పలకరించుకున్నారు! టీ కూడా తాగారు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, దేవుడు ప్రార్థన విన్నాడని. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, రాజధాని మళ్ళీ మొదలన్నారు. 2025 మేలో ప్రధాని వచ్చి పనులు తిరిగి ప్రారంభించారు. మాటలు మళ్ళీ ఆగిపోయాయి. మా ఇంట్లో ప్రేమ గజం రేటుకి విలోమానుపాతంలో ఉంటుందన్నమాట. నవ్వు కోసం రాస్తున్నాను గానీ, ఇది నవ్వే విషయం కాదని నాకు తెలుసు.

ఈ కేసు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు లూకా సువార్త పన్నెండో అధ్యాయం గుర్తొస్తుంది. జనంలోంచి ఒకడు లేచి, మా అన్నతో చెప్పి ఆస్తి పంచి ఇప్పించమని యేసుని అడుగుతాడు. రెండు వేల ఏళ్ళ క్రితం కూడా ఇదే గొడవ! యేసు ఆ తగవు తీర్చడానికి ఒప్పుకోలేదు. ఆశ దగ్గర జాగ్రత్త అని హెచ్చరించి, పంట బాగా పండితే ఉన్న కొట్లు పడగొట్టి ఇంకా పెద్ద కొట్లు కడదామనుకున్న ధనవంతుడి కథ చెప్పాడు. వాడు ఆ రాత్రే పోతాడు. ఆ కథ మళ్ళీ చదివి చూడండి. చివర దేవుడు మాట్లాడేదాకా అందులో రెండో మనిషే లేడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, పాలేరు లేడు. పంట ఏం చెయ్యాలో తనలో తనే అనుకుంటాడు, జవాబు కూడా తనకి తనే చెప్పుకుంటాడు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపేసే విషయం ఒకటుంది. వాటా అడిగినవాడిది అన్యాయమైన కోరిక అని యేసు అనలేదు. బహుశా వాడికి నిజంగానే వాటా రావాలేమో, అన్న నిజంగానే ఎగ్గొట్టాడేమో. న్యాయం వాడి వైపున్నా జబ్బు వాడిలో ఉండొచ్చు. మా నాన్న ఏనాడూ ఎవరి దగ్గరా లంచం తీసుకున్న మనిషి కాదు. ట్యూషన్ ఫీజు ఇవ్వలేని పిల్లలకి ఊరికే చెప్పేవారు. ఆయన అడుగుతున్నది కూడా న్యాయమే. కానీ పదేళ్ళుగా రాత్రిళ్ళు ఆయన నిద్ర తింటున్నది న్యాయం ఒక్కటే కాదు. ఆ మాట ఆయనకి కొడుకు ఎలా చెప్తాడు?

పది ఆజ్ఞల్లో మొదటి తొమ్మిదీ ఎంతో కొంత బయటికి కనపడేవి. హత్య, దొంగతనం, అబద్ధ సాక్ష్యం లాంటివి ఎవరో ఒకరు చూడొచ్చు, పట్టుకోవచ్చు. పదోది మాత్రం పొరుగువాడిది ఆశించొద్దు అంటుంది. దీనికి పోలీసు లేడు, సాక్షి లేడు. మిగతావన్నీ నిష్ఠగా పాటించిన పరిసయ్యుడు పౌలు, రోమా పత్రిక ఏడో అధ్యాయంలో తాను దొరికిపోయింది ఏ ఆజ్ఞ దగ్గరో చెప్తూ సరిగ్గా ఈ పదోదాన్నే చూపిస్తాడు. ఆశించకు అని చెప్పేసరికి లోపల ఉన్న ఆశలన్నీ లేచి కూర్చున్నాయన్నది ఆయన గోడు. అంటే ఇంకో రూలు పెట్టి దీన్ని బాగుచెయ్యలేం.

మనకేమో రూల్సంటే ప్రాణం. మా యూత్ గ్రూపులో దశమభాగం మీద జరిగే చర్చలు వింటే మీరు నవ్వుకుంటారు. గ్రాస్ మీదా, నెట్ మీదా? పీఎఫ్ తీసేసి లెక్కెయ్యాలా? ఆర్‌ఎస్‌యూలు వెస్ట్ అయినప్పుడా, అమ్మినప్పుడా? అందరం ఇంజినీర్లమే కాబట్టి ఎక్సెల్ షీటు కూడా తయారైంది. ఇవ్వడం మంచిదే, ఇస్తున్నాను కూడా. కానీ పది శాతం పక్కన పెట్టేశాక మిగతా తొంభై గురించి నన్నెవరూ అడక్కూడదు అన్న ధీమా ఒకటి అందులో దాక్కుని ఉంటుంది. అది నాకు నచ్చదు.

ఇంతకన్నా నచ్చనిది ఇంకోటుంది. వెయ్యి విత్తితే దేవుడు నూరంతలు ఇస్తాడని మైకులో చెప్పే బోధ. అది ఆశకి మందు కాదు, మేత. సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది. మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన చిన్న మదుపుదారుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. మన క్యుబికల్స్‌లో ఆ యాప్ తెరిచి కూర్చునేవాళ్ళు ఎంతమందో మీకూ తెలుసు. సెబీ వాళ్ళకి కనీసం నష్టం లెక్క ఉంది. కానుకల సంచిలో ఆప్షన్స్ ఆడినవాళ్ళ లెక్క ఎవరు తీస్తారు?

మరి రూల్సు కాక ఏముంది? నాకు దొరికిన జవాబు జక్కయ్య దగ్గరుంది. మీరు సండే స్కూల్లో విన్న పొట్టివాడి కథే, కాకపోతే దాన్ని ముందు అధ్యాయంతో కలిపి చదవాలి. లూకా 18లో ఒక ధనవంతుడైన అధికారి వస్తాడు. చిన్నప్పట్నుంచీ ఆజ్ఞలన్నీ పాటించానంటాడు. ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి నా వెంట రా అంటే దిగులుపడిపోతాడు. ఇలాంటివాళ్ళు దేవుని రాజ్యంలోకి రావడం ఒంటె సూదిబెజ్జంలో దూరడం కంటే కష్టం అంటాడు యేసు. మరి ఎవరికి సాధ్యం అని వింటున్నవాళ్ళు అడిగితే, మనుషులకి కానిది దేవుడికి సాధ్యం అంటాడు. వెంటనే 19లో యెరికో, జక్కయ్య. పన్ను వసూలుదార్లకే పెద్ద, ధనవంతుడు. ఆజ్ఞల విషయంలో మొదటాయనతో పోల్చడానికే లేదు. ఒంటె సూదిబెజ్జంలోంచి దూరింది ఇక్కడే.

జక్కయ్యకి యేసు డబ్బు గురించి ఒక్క మాటా చెప్పినట్టు లేదు. నువ్వు దొంగవి అనలేదు. చెట్టు దిగు, ఇవాళ మీ ఇంట్లో ఉంటాను అన్నాడంతే. ఊరంతా సణుక్కుంది. జక్కయ్య లేచి తన ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. లేవీయకాండంలో అన్యాయంగా తీసుకున్నది ఒప్పుకుని తిరిగిస్తే అసలు, దాని మీద ఐదో వంతు. అంటే వందకి నూట ఇరవై. ఈయన నాలుగు వందలంటున్నాడు. గొర్రెని దొంగిలించి కోసినవాడో, అమ్మినవాడో పట్టుబడితే కట్టాల్సిన రేటది, నిర్గమకాండంలో. తన కేసుకి తనే కఠినమైన సెక్షను వేసుకున్నాడు! గ్రాసా నెట్టా అని అడిగే మనిషి ఇలా మాట్లాడడు. లోపల ఏదో మారింది.

తెలుగు బైబిల్లో దీనికి "మారుమనస్సు" అని మాట. నేరం ఒప్పుకోవడం, ఏడవడం అని మనం దాన్ని కుదించేశాం గానీ, మాటలోనే ఉంది, మనసు మారడం. యెహెజ్కేలు గ్రంథం 36వ అధ్యాయంలో దేవుడు రాతిగుండె తీసేసి మాంసపు గుండె ఇస్తానంటాడు. అక్కడ తీసేదీ ఆయనే, పెట్టేదీ ఆయనే. రోగి తన గుండె ఆపరేషన్ తనే చేసుకోడు కదా.

అలా మారిన గుండె జీవితాంతం ఎలా కొట్టుకుంటుందో జాన్ వెస్లీలో చూడొచ్చు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టినాయన. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కుర్రవాడి లెక్క అని ఒక ప్రసంగంలో రాశాడు, అది ఆయన సొంత లెక్కేనంటారు. ఒక ఏడు 30 పౌన్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటేడు 60 వచ్చాయి. మళ్ళీ 28తోనే బతికి 32 ఇచ్చాడు. తర్వాత 90 వస్తే 62, ఆపైన 120 వస్తే 92. జీతం నాలుగింతలైనా ఖర్చు 28 దగ్గరే ఆగింది. మనకి తొలి జీతం వచ్చినప్పుడు ఎంతలో బతికామో గుర్తుందా? షేరింగు రూము, కర్రీ పాయింటు, నెలాఖరున మ్యాగీ. సంతోషంగానే ఉన్నాం కదా. ఆ 28 దగ్గరికి వెనక్కి వెళ్ళమని ఎవరికీ చెప్పను, నాకూ ఇంటి అద్దె ఉంది, చెల్లి చదువు ఉంది. కానీ నా "చాలు" ఎక్కడుందో ఒక అంకె వేసుకోవాలన్నది మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఇక మా కేసు. ఈ ఏడు ఒక వాయిదాకి నాన్నతో పాటు వెళ్ళాను. కోర్టు వరండాలో వకీలు గారు కాగితాలు తిరగేస్తుంటే నాకు ఒక ప్రశ్న వచ్చింది. "అత్తయ్య పేరు ఎక్కడా లేదేంటండీ?"

నాన్నకి ఒక చెల్లెలుంది. ఒంగోలు దగ్గర ఉంటుంది. మామయ్య పోయి ఆరేళ్ళు, మిషను కుడుతుంది. మేము క్రైస్తవులం. మాకు వర్తించేది 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్టు. వీలునామా లేకుండా తండ్రి పోతే కొడుకు, కూతురు అని తేడా లేదు, పిల్లలందరికీ సమానం. ఒకప్పటి తిరువాన్కూరులో క్రైస్తవ కూతుళ్ళకి కొడుకు వాటాలో పావు వంతో, ఐదు వేలో, ఏది తక్కువైతే అది ఇచ్చే చట్టం ఉండేది. మేరీ రాయ్ సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 1986లో గెలిచాక అక్కడా ఈ 1925 చట్టమే వర్తించింది. మాకు ఆ అడ్డంకి కూడా ఎప్పుడూ లేదు. అయినా తాతయ్య మాటలో అత్తయ్య లేదు, నాన్న దావాలో లేదు, పెదనాన్న జవాబులో లేదు. "పెళ్ళికి పెట్టాంగా" అన్నారు నాన్న. వకీలు గారు నన్ను చూసి నవ్వారు, ఈ కుర్రాడెక్కడ దొరికాడండీ అన్నట్టు.

నలభైని మూడుతో భాగిస్తే 13.33. నాన్నకి రావాల్సిన ఇరవైలో 6.67 సెంట్లు పోతాయి. దాదాపు 322 గజాలు. ఇప్పుడు అక్కడ గజం ఇరవై వేలంటున్నారు. అరవై నాలుగు లక్షల పైమాటే. ఈ లెక్క నేను కాగితం మీద వెయ్యలేదు, బస్టాండుకి నడుస్తుండగానే తలలో వచ్చేసింది. ఆ అరవై నాలుగు లక్షలు రేపు నాకూ చెల్లికీ వచ్చేవే. కోకాపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకి డౌన్ పేమెంటు అని కూడా వెంటనే తట్టింది. పౌలు చెప్పింది ఏంటో బస్సెక్కేలోపు అర్థమైంది. ఆ రాత్రి నేను చేసిన ప్రార్థన చిన్నది. అత్తయ్యకి వాటా రావాలని కాదు. ఆ వాటా ఇచ్చేటప్పుడు నాకు ఏదో పోయినట్టు అనిపించకూడదని.

ఊరికి వెళ్ళి నాన్నతో చెప్పాను. "నాన్నా, పెదనాన్నతో కేసు సంగతి తర్వాత. ముందు అత్తయ్య వాటా అత్తయ్యకిద్దాం. నాకు ఆ ఆరు సెంట్లు వద్దు. చెల్లి కూడా వద్దంది."

"నీకేం రా, నెలకి లక్షలొస్తాయి" అన్నారు. అదీ నిజమే. నా జీతంలో కూర్చుని ఆయనకి నీతులు చెప్పడం తేలికే. ముప్ఫై రెండేళ్ళు చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి అది. ఇంకేం మాట్లాడలేదు. జక్కయ్యని కూడా మధ్యలోకి తేలేదు, ఆ కథ నాకు నేర్పింది ఆయనే.

మూడు వారాలు ఆ ఊసే లేదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా కూరగాయల రేట్లు, చెల్లి పరీక్షలు, అంతే.

పోయిన ఆదివారం రాత్రి నాన్నే ఫోన్ చేశారు. చర్చిలో ఏం జరిగిందీ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాసేపు వర్షం గురించి మాట్లాడారు. తర్వాత ఉన్నట్టుండి, "మూడు వాటాలేస్తే మీ అత్తకి ఎంతొస్తుందన్నావ్?" అన్నారు.

"పదమూడు సెంట్ల చిల్లర నాన్నా."

ఆయన కాసేపు ఏం అనలేదు. టీవీ చప్పుడు వినిపిస్తోంది.

"రోడ్డు వైపా, వెనకా?"

"అది మీ ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి" అన్నాను.

"ముగ్గురం..." అన్నారు నాన్న. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.